శిఖరానికి ముడిపెట్టని విరాళం

తలసీమియాతో పుట్టిన పిల్లల మందుల ఖర్చు కోసం నేనూ కొందరు మిత్రులూ కలిసి ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా నడుస్తామని, ఆ నడక పేరు మీద విరాళాలు సేకరిస్తామని చెప్పినప్పుడు చాలామంది మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగారు. పిల్లలకు డబ్బు కావాలంటే నేరుగా అడగవచ్చు కదా, ప్రయాణానికి అయ్యే ఖర్చు కూడా వాళ్లకే ఇచ్చేయవచ్చు కదా, మధ్యలో హిమాలయాలు దేనికి అని. అడిగినవాళ్లెవరికీ మమ్మల్ని ఎత్తిపొడవాలన్న ఉద్దేశం లేదు. అది న్యాయమైన ప్రశ్న కాబట్టి దానికి జవాబు చెప్పకుండా ఎవరినీ ఒక్క రూపాయి కూడా అడగకూడదని మేము అనుకున్నాము. అప్పుడు చెప్పిన జవాబులో కొంత నడకలో గట్టిపడింది, కొంత మారింది. ఆ సంగతులన్నీ ఒకచోట రాసి పెట్టాలని ఈ టపా.

జవాబులో మొదటి భాగం ఆ జబ్బు స్వభావంలోనే ఉంది. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసును తయారుచేసే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపంతోనే సంక్రమించినప్పుడు బిడ్డ శరీరం తనకు సరిపడా ఆరోగ్యకరమైన ఎర్ర రక్తకణాలను తయారు చేసుకోలేదు. దాన్నే తలసీమియా మేజర్ అంటారు. పుట్టినప్పుడు మామూలుగానే కనిపించే బిడ్డ కొన్ని నెలలు గడిచేసరికి పాలిపోతుంది, ఎదుగుదల మందగిస్తుంది, ఇక అప్పటి నుంచి మూడు నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించవలసిందే. రక్తం దాతల నుంచి ఉచితంగా దొరికినా ఖర్చు అక్కడితో ఆగదు. ఒక్కో యూనిట్ రక్తంతో పాటు సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము శరీరంలోకి చేరుతుంది. ఆహారం నుంచి మనం రోజుకు గ్రహించే ఇనుము ఒకటి రెండు మిల్లీగ్రాములు మాత్రమే, అదనంగా చేరినదాన్ని బయటకు పంపే ఏర్పాటు మనిషి శరీరంలో లేదు. ఆ ఇనుము ఏళ్ల తరబడి గుండెలో, కాలేయంలో, హార్మోన్ గ్రంథులలో పేరుకుపోయి ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి, దాన్ని పట్టి బయటకు పంపే డెఫెరాసిరాక్స్ వంటి మందును ప్రతిరోజూ వాడాలి, శరీరంలో ఇనుము ఎంత నిల్వ ఉందో తెలిపే ఫెరిటిన్ పరీక్షలు వేళకు చేయించాలి, ఎక్కించే రక్తం నుంచి తెల్లకణాలను తీసివేసే ఫిల్టర్లు ప్రతిసారీ కొనాలి. సరిపోలే తోబుట్టువు ఉంటే మూలుగ మార్పిడితో జబ్బు పూర్తిగా నయమయ్యే అవకాశం ఉంది గానీ, అందరు పిల్లలకూ అలాంటి తోబుట్టువు ఉండరు.

ఒక ఆపరేషన్‌తో తీరిపోయే జబ్బుకు విరాళం అడగడం కొంత సులువు. ఇంత మొత్తం కావాలి, ఇంత వచ్చింది, బిడ్డ కోలుకుంది అని చెప్పవచ్చు. తలసీమియాకు అలాంటి ముగింపు చూపించలేము. ఈ నెల ఇచ్చిన మందు వచ్చే నెలకు అయిపోతుంది. అందువల్ల ఒక్కసారి జాలిపడి ఇచ్చేవాళ్ల కంటే కొన్ని నెలల పాటు వినేవాళ్లు మాకు ఎక్కువ అవసరం. ట్రెక్ మాకు సంపాదించి పెట్టింది సరిగ్గా ఆ కొన్ని నెలలనే. శిక్షణ ఎలా సాగుతోంది అని అడిగిన ప్రతివారికీ, ఆ మాటతో పాటే ఇనుము గురించీ ఫిల్టర్ల గురించీ చెప్పేవాళ్లం. కేవలం జబ్బు గురించి అంతసేపు మాట్లాడితే ఎవరూ వినరు. కొండ పేరు చెబితే వింటారు. ఇందులో తప్పేమీ లేదని నా అభిప్రాయం.

ఆ పిల్లలలో ఒకరి తల్లితో జరిగిన సంభాషణ వల్లనే అసలు ఈ ఆలోచన పుట్టింది. "రక్తం ఎక్కించాల్సిన తేదీ దగ్గర పడేసరికి వీడు రెండు మెట్లెక్కితే చాలండీ, మూడో మెట్టు మీద కూర్చుండిపోతాడు" అని ఆవిడ మామూలుగా చెప్పుకుపోయింది. హిమోగ్లోబిన్ తగ్గేకొద్దీ రక్తం మోసుకెళ్లగల ప్రాణవాయువు తగ్గిపోతుంది, అందుకే ఆయాసం. ఎత్తైన కొండల మీద అందరికీ వచ్చే ఆయాసానికి కూడా మూలం ప్రాణవాయువు చాలకపోవడమే. గాలిలో దాని వాటా ఎక్కడైనా 21 శాతమే అయినా, 5,364 మీటర్ల ఎత్తున ఉన్న బేస్ క్యాంప్ దగ్గర వాయుపీడనం సముద్రమట్టంలో ఉన్నదానికి సుమారు సగానికి పడిపోతుంది కాబట్టి ప్రతి శ్వాసలోనూ లోపలికి వెళ్లేది ఆ మేరకు తక్కువే. ఈ రెండు ఆయాసాలూ ఒకటేనని నేను ఎన్నడూ చెప్పలేదు, చెప్పను. మాది మేము కోరి తెచ్చుకున్నది, కిందికి దిగితే పోయేది. పైగా ప్రాణవాయువు తగ్గిందని గుర్తించిన కొద్ది గంటలలోనే మూత్రపిండాలు ఎరిత్రోపోయెటిన్ అనే హార్మోన్‌ను పెంచి, ఇంకా ఎర్రకణాలు తయారు చేయమని ఎముకల మూలుగకు కబురు పంపుతాయి, కొన్ని వారాలలో రక్తం నిజంగానే చిక్కబడుతుంది. ఆ పిల్లల శరీరం కూడా అదే కబురును మరింత గట్టిగా పంపుతూనే ఉంటుంది గానీ, అందుకొని సరైన కణాన్ని తయారు చేయగల శక్తి మూలుగకు ఉండదు. ఈ ఒక్క విషయం వివరించగలిగితే తలసీమియా అంటే ఏమిటో వినేవారికి సగం అర్థమవుతుందని నాకు అనిపించింది, విరాళాలు అడుగుతూ తిరిగిన ఆ నెలల్లో అది నిజమేనని తేలింది.

ఇక డబ్బు సంగతి. ధర్మార్థం చేసే ట్రెక్‌లలో ప్రపంచమంతటా రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకదానిలో ట్రెక్కర్ తన ఖర్చంతా తానే భరిస్తాడు, సేకరించిన ప్రతి పైసా సంస్థకు చేరుతుంది. రెండోదానిలో ట్రెక్కర్ కనీసం ఇంత మొత్తం సేకరించాలన్న షరతు ఉంటుంది, ఆ మొత్తంలో కొంత భాగం ట్రెక్ ఖర్చుకే పోతుంది. రెండోది చట్టవిరుద్ధమేమీ కాదు, పెద్ద సంస్థలు కూడా ఆ విధంగా నిధులు సేకరిస్తాయి, దానివల్ల సొంత డబ్బు లేనివారికి కూడా పాల్గొనే వీలు కలుగుతుంది. అయినా ఆ పద్ధతి నాకు నచ్చదు. బిడ్డ మందు కోసమని ఇచ్చిన డబ్బులో కొంత నా విమానం టికెట్టుకు పోతుందని దాతకు తెలిస్తే ఆయన ఇస్తాడా అని నన్ను నేను అడిగి చూసుకుంటే, జవాబు నాకు అనుకూలంగా రాలేదు. అందుకని విమాన ప్రయాణం, అనుమతి పత్రాలు, గైడు, పోర్టర్ల కూలి, బస, హెలికాప్టర్ రక్షణతో కూడిన బీమా, ఇవన్నీ ఎవరివి వాళ్లమే పెట్టుకున్నాము. విరాళాలు మా ఖాతాలకు రాకుండా నేరుగా ఆ పిల్లలకు మందులు అందించే సంస్థ ఖాతాకే వెళ్లేలా, రసీదు అక్కడి నుంచే దాతకు అందేలా ఏర్పాటు చేశాము. ప్రయాణ ఖర్చునే పిల్లలకు ఇచ్చేయవచ్చు కదా అన్నవారికి నేను చెప్పింది ఇదే. ఆ ఖర్చు నేను ఏదో ఒక ప్రయాణానికి ఎలాగూ పెట్టుకునేదే, ఈసారి దాని వెంట మరికొందరి చేయూతను కూడా తీసుకెళుతున్నాను. మా ఖర్చుల వివరాలు, వచ్చిన విరాళాల వివరాలు రెండు వేర్వేరు పట్టికలుగా అడిగినవారందరికీ పంపాము. ఎవరైనా ఇలాంటి నడక పేరిట విరాళం అడిగితే, ప్రయాణ ఖర్చు ఎవరిది అన్న ప్రశ్న దాతలు నిస్సంకోచంగా అడగాలి. అడిగించుకోవడం చిన్నతనమేమీ కాదు.

దారిగా ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌నే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. ఎవరెస్ట్ కింద ఉన్న ఖుంబూ లోయలో కొండ ఎక్కడానికీ, సాయం చేయడానికీ మధ్య ఉన్న బంధం పాతది. 1953 మే 29న టెన్జింగ్ నార్గేతో కలిసి శిఖరం మీద నిలబడిన ఎడ్మండ్ హిల్లరీ ఆ కీర్తితో ఊరుకోలేదు. అక్కడి స్థానిక జాతి అయిన షెర్పాలు తమ పిల్లలకు బడి కావాలని కోరితే 1960లో హిమాలయన్ ట్రస్టును స్థాపించి, 1961లో ఖుంజుంగ్ గ్రామంలో బడి కట్టించాడు. 1964లో లుక్లా విమానాశ్రయం, 1966లో ఖుండే ఆసుపత్రి వచ్చాయి. ఈనాడు ఎక్కువమంది ట్రెక్కర్లు దిగే లుక్లా రన్‌వేను మొదట తలపెట్టింది బడులకూ ఆసుపత్రికీ కావలసిన సామగ్రిని చేరవేయడానికే. నామ్చే బజార్‌లో ఎత్తుకు అలవాటు పడటం కోసం ఆగిన రోజున మేము ఖుంజుంగ్ దాకా ఎక్కి ఆ బడిని చూశాము. కొండ ఎక్కినవాడు ఆ కొండ కింద బతికేవారికి బాకీ పడతాడని నమ్మి, జీవితమంతా ఆ బాకీ తీర్చుతూ పోయిన మనిషి చేసిన పని అక్కడ ఇంకా నడుస్తూ ఉంది. మా ప్రయత్నం దానితో పోల్చదగినది కాదు, కానీ మేము వెళ్లేది కొత్త దారి కాదన్న ధైర్యం దాన్ని చూస్తే కలిగింది.

దారి వర్ణన మీద నేను ఎక్కువసేపు ఆగను, ఇప్పటికే చాలామంది చక్కగా రాశారు. లుక్లా సుమారు 2,860 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి దూద్ కోసీ నదిని వేలాడే వంతెనల మీద అటూ ఇటూ దాటుతూ సాగర్‌మాథా జాతీయ ఉద్యానవనంలోకి ప్రవేశించి, సుమారు 3,440 మీటర్ల ఎత్తున ఉన్న నామ్చేకు, ఆ తరువాత తెంగ్‌బోచే బౌద్ధ మఠానికి, చెట్లు కనిపించడం ఆగిపోయాక దింగ్‌బోచేకు, తుక్లా కనుమ మీదుగా లోబుచేకు, చివరి మజిలీ గోరక్‌షెప్‌కు దారి సాగుతుంది. తుక్లా కనుమ మీద, ఈ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయినవారి జ్ఞాపకార్థం కట్టిన రాతి గూళ్లు, వాటికి కట్టిన ప్రార్థనా పతాకాలు వరుసగా ఉంటాయి. అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడరు.

నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది మా బరువులు మోసిన మనుషుల గురించి. సేవ కోసం చేసే నడకలో అందరికంటే ముందు న్యాయం జరగవలసింది వాళ్లకే. బయటివారు పోర్టర్లందరూ షెర్పాలే అనుకుంటారు గానీ, ఈ దారిలో వెదురుతో అల్లిన ఢోకో బుట్టలను నామ్లో అనే పట్టీతో నుదుటికి ఆనించి మోసేవారిలో ఎక్కువ మంది దిగువ కొండల నుంచి కూలి కోసం వచ్చిన రాయి, తమాంగ్, మగర్ జాతులవారు. వేల ఏళ్లుగా ఎత్తైన ప్రదేశాలలో జీవించిన టిబెటన్లకూ షెర్పాలకూ తక్కువ ప్రాణవాయువుతో నెట్టుకురాగల జన్యు లక్షణాలు ఏర్పడ్డాయని, వాటిలో ఈపాస్1 అనే జన్యువు పాత్ర ముఖ్యమని శాస్త్రవేత్తలు గుర్తించారు. దిగువ నుంచి వచ్చిన పోర్టరుకు ఆ రక్షణ లేదు. అతని రక్తం మన రక్తం లాంటిదే, అతనికి కూడా మనలాగే తలనొప్పి వస్తుంది, మనలాగే ఊపిరితిత్తుల్లో నీరు చేరగలదు. తేడా అల్లా అతను బరువు మోస్తూ నడుస్తాడు, జబ్బు చేసిందని చెబితే ఆ రోజు కూలి పోతుందేమోనని భయపడతాడు. జబ్బుపడిన ఒక పోర్టరును పట్టించుకోకుండా ఒంటరిగా కిందికి పంపివేస్తే అతను దారిలో మరణించిన ఉదంతం తరువాతనే 1997లో అంతర్జాతీయ పోర్టర్ల రక్షణ బృందం ఏర్పడింది. పోర్టరుకు ఆ ఎత్తుకు తగిన దుస్తులూ బూట్లూ ఉండాలి, ట్రెక్కర్‌కు అందే వైద్యమే అతనికీ అందాలి, జబ్బు చేస్తే తన భాష తెలిసిన తోడు లేకుండా అతన్ని దిగువకు పంపకూడదు, నేపాల్‌లో బరువు 30 కిలోలు మించకూడదు అన్నవి ఆ బృందం చెప్పే ముఖ్యమైన నియమాలు.

మేము మాట్లాడుకున్న ట్రెక్కింగ్ ఏజెన్సీని ఈ నియమాల గురించే మొదట అడిగాము. పోర్టర్ల బీమా పత్రాలు చూపించమన్నాము. ధర తగ్గించమని ఎక్కడా బేరమాడలేదు. ఆ తగ్గింపు చివరకు ఎవరి కూలిలో కోతగా తేలుతుందో అక్కడ ఒక్కరోజు నడిస్తే తెలుస్తుంది. నామ్చే ఎక్కుడు దారిలో తలుపు చెక్కలు, ఇనుప రేకులు, వంటగ్యాసు సిలిండర్లు మోసుకుంటూ, ప్రతి కొన్ని అడుగులకూ తోక్మా అనే పొట్టి కర్రను బుట్ట అడుగున ఆనించి నిలబడి ఊపిరి తీసుకునేవారు అడుగడుగునా ఎదురవుతారు. ట్రెక్కర్ల బరువు మోసే పోర్టర్లకు కనీసం అడగడానికి నియమాలైనా ఉన్నాయి. కిలోల లెక్కన కూలి తీసుకుని వ్యాపార సరుకులు మోసే వీరు అంతకంటే చాలా ఎక్కువ ఎత్తుకుంటారు. వాళ్ల పక్క నుంచి చిన్న సంచీ భుజాన వేసుకుని వెళుతూ, నేను కష్టపడి కొండ ఎక్కుతున్నాను కాబట్టి విరాళం ఇవ్వండి అని అడగడానికి నాకు మనసు ఒప్పలేదు. ఆ రోజు నుంచి మిత్రులకు పంపిన సందేశాలలో నా కష్టం అన్న మాట మానేశాను. పిల్లల అవసరం గురించి, దారి గురించి, మా బరువులు మోస్తున్నవారి గురించి మాత్రమే రాశాను. విరాళాలు దానివల్ల తగ్గలేదు.

ఎత్తుకు అలవాటు పడే విషయంలో నియమాలు సరళమైనవి. 3,000 మీటర్లు దాటిన తరువాత రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకు ఒకసారి అదే ఎత్తున రెండో రాత్రి గడపాలి. అసిటజోలమైడ్ మాత్ర వైద్యుల సలహాతో వాడవచ్చు, అది శ్వాసను పెంచి శరీరం అలవాటు పడటాన్ని వేగవంతం చేస్తుంది. తలనొప్పితో పాటు వికారం, నీరసం, తల తిరగడం వంటివి ఉంటే అది ఎత్తు వల్ల కలిగిన జబ్బేనని ఎంచాలి, అది తగ్గేదాకా పైకి వెళ్లకూడదు. నడక తూలితే మెదడులో వాపు మొదలైందని, కూర్చున్నప్పుడు కూడా ఆయాసపడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించి వెంటనే దిగాలి. ఈ నియమాలన్నీ మాకు కంఠస్థమే. అయినా వాటిని పాటించడం అసలు ఎక్కడ కష్టమవుతుందో మా బృందంలోని ఒక మిత్రుని అనుభవంతో తెలిసింది.

విరాళాల పిలుపులో మేము ఒక అంకెను వాడుకున్నాము. బేస్ క్యాంప్ ఎత్తు 5,364 మీటర్లు కాబట్టి, మీటరుకు ఒక రూపాయి చొప్పున ఇవ్వదలచినవారు 5,364 రూపాయలు ఇవ్వవచ్చని రాశాము. ఆ మొత్తం ముందే ఇవ్వాలని, మేము ఎంత ఎత్తు చేరినా దానితో సంబంధం లేదని కూడా అందులో స్పష్టంగా ఉంది. కానీ ఈ మిత్రుని కార్యాలయంలో కొందరు ఉత్సాహంగా, నువ్వు బేస్ క్యాంప్‌లో నిలబడి ఫోటో పంపు, ఆ రోజే మేమంతా కలిసి పెద్ద మొత్తం వేస్తాము అన్నారట. ఆయన సరే అన్నాడు. ఆ మాటను అప్పట్లో ఎవరూ షరతుగా తీసుకోలేదు, ఆయన మాతో చెప్పవలసినంత విషయంగా కూడా భావించలేదు.

దింగ్‌బోచేలో రెండో రాత్రి నుంచే ఆయనకు తలనొప్పి మొదలైంది. ఉదయం గైడు అందరినీ పేరుపేరునా ఎలా ఉందని అడిగినప్పుడు బాగానే ఉందన్నాడు. లోబుచే చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన తినలేదు, బయటకు వెళ్లి వాంతి చేసుకుని వచ్చాడు. గైడు ఎంతో అనుభవం ఉన్న మనిషి, గొంతు పెంచకుండా పక్కన కూర్చుని ప్రశ్నలు అడిగాడు, ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు ఆనించుకుంటూ సరళరేఖ మీద నడిపించి చూశాడు. నడక తూలడం లేదు. అయినా తలనొప్పి, వాంతి రెండూ ఉన్నాయి కాబట్టి రాత్రి దాకా ఆగకుండా వెలుగు ఉండగానే కింద ఉన్న ఫెరిచే ఊరికి దిగాలని నిర్ణయించాడు. మా మిత్రుడు గైడు చేతులు పట్టుకుని ఒక్క రాత్రి చూద్దాం దాయ్ (అన్నా), రేపటికి తగ్గిపోతుంది అని బతిమాలాడు. చివరకు సహాయ గైడూ మా బృందంలో మరొకరూ తోడుగా మిత్రుడు దిగిపోయాడు. తోడు వెళ్లిన ఆ స్నేహితురాలు కూడా అంతటితో బేస్ క్యాంప్ వదులుకుంది. ఆమె గురించి ఎవరూ ఫోటోలు పంచుకోలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ నడిపే చిన్న వైద్యశాల ఉంది. 1973లో ఏర్పడిన ఆ సంస్థ తరఫున ట్రెక్కింగ్ కాలంలో వైద్యులు అక్కడే ఉండి ట్రెక్కర్లకు, పోర్టర్లకు, స్థానికులకు వైద్యం చేస్తారు, ఎత్తు వల్ల కలిగే జబ్బుల గురించి మధ్యాహ్నం పూట ఉపన్యాసం ఇస్తారు. అక్కడి డాక్టరు పరీక్షించి, దిగి రావడమే సరైన వైద్యమని, ఊపిరితిత్తులలో ఏ దోషమూ లేదని చెప్పి విశ్రాంతి తీసుకోమన్నారు. మరునాటి సాయంత్రానికి ఆయన మామూలు మనిషి అయ్యాడు. తిరుగు ప్రయాణంలో కలుసుకున్నప్పుడు, తలనొప్పిని ఎందుకు దాచావని నేను అడగకముందే ఆయనే చెప్పాడు. నడుస్తున్నంతసేపూ తనకు ఆ పెద్ద మొత్తమే కళ్ల ముందు ఉందట. తాను దిగిపోతే దాని విలువ చేసే మందు పిల్లలకు అందకుండా పోతుందని లెక్క కట్టుకున్నాడట.

ఈ మాట నన్ను చాలా కాలం వదలలేదు. ఎత్తు మీద మనిషిని ప్రమాదంలోకి నెట్టేది గొప్పతనం మీద కోరిక మాత్రమేనని నేను అనుకునేవాడిని కాను గానీ, దయ కూడా అంత బలంగా నెట్టగలదని ఎన్నడూ ఆలోచించలేదు. తన కోసం ఎక్కేవాడు ఏదో ఒక దశలో చాలు అనుకోగలడు. ఇతరుల బిడ్డల కోసం ఎక్కుతున్నానని నమ్మినవాడికి ఆ మాట అనడం చాలా కష్టం. మెదడుకు ప్రాణవాయువు తగ్గినప్పుడు విచక్షణ మందగిస్తుందన్నది కూడా ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి, అంటే నిర్ణయం సరిగ్గా తీసుకోలేని చోటనే అతి కష్టమైన నిర్ణయాన్ని ఆ షరతు అతని మీద మోపుతుంది. దాతలలో ఏ ఒక్కరూ ఇలా జరగాలని కోరుకోరు. చేరితే ఇస్తాను అన్నమాట వాళ్లకు ప్రోత్సాహంగానే తోస్తుంది. అందుకే ఆ షరతును ఒప్పుకోకుండా ఉండవలసిన బాధ్యత సేకరించేవారిదే.

మిగిలినవాళ్లం గోరక్‌షెప్ మీదుగా, ఖుంబూ హిమానీనదం అంచున రాళ్ల గుట్టల మీద నడిచి బేస్ క్యాంప్ చేరాము. మరునాడు తెల్లవారకముందే బయలుదేరి, 5,500 మీటర్లు పైబడిన కాలా పత్థర్ అనే గుట్ట ఎక్కాము. ఎవరెస్ట్ అక్కడి నుంచి కనిపించినంత బాగా బేస్ క్యాంప్ నుంచి కనిపించదు. రక్తంలో ప్రాణవాయువు శాతాన్ని చూపే, వేలికి తగిలించుకునే ఆక్సీమీటరులో నా అంకె 80 దగ్గర ఆడుతూ ఉండేది. కింద ఏ ఆసుపత్రిలోనైనా ఆ అంకె చూస్తే వెంటనే మంచమెక్కించి ఆక్సిజన్ పెడతారు. పది అడుగులు వేసి ఆగుతూ ఎక్కుతున్నప్పుడు మూడో మెట్టు మీద కూర్చుండిపోయే ఆ బాబు గుర్తొచ్చాడు. పైన ఉన్నంతసేపూ చాలా సంతోషంగా ఉన్నాను, ఆ సంతోషం నాకు అందరూ కలిసి ఇచ్చినదేనని కూడా తెలుసు.

తిరిగి వచ్చాక ఆ మిత్రుడు తన కార్యాలయంలో జరిగినదంతా ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. వారిలో ఎక్కువమంది తమ వాటా సంస్థ ఖాతాకు పంపారు, కొందరు పంపలేదు. పంపనివారిని మేము మళ్లీ అడగలేదు. వచ్చిన మొత్తం నుంచి సంస్థ ముందుగా డెఫెరాసిరాక్స్ మాత్రలకూ, రక్తం ఫిల్టర్లకూ కేటాయించి, ఎవరికి ఏ నెల ఎంత ఇచ్చారో ఆ వివరాలను పిల్లల పేర్లు లేకుండా మాకు పంపుతోంది. మేము వాటిని దాతలకు ప్రతి మూడు నెలలకూ పంపుతున్నాము. నడక ముగిసిందని సందేశాలు ఆపలేదు, ఎందుకంటే ఆ పిల్లలకు వచ్చే నెల కూడా రక్తం ఎక్కించాలి. దాతలలో కొంతమంది నెలనెలా చిన్న మొత్తం పంపడానికి ఒప్పుకున్నారు. నా దృష్టిలో బేస్ క్యాంప్ చేరడం కంటే ఇది పెద్ద ఫలితం.

వచ్చే వసంతంలో మరొక బృందం అదే దారిన బయలుదేరుతోంది. వాళ్ల కోసం మేము రాసిచ్చిన పత్రంలో మూడు షరతులు ఉన్నాయి. ఖర్చు ఎవరిది వారిదే, పోర్టర్ల రక్షణ నియమాలకు ఏజెన్సీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, విరాళమంతా బయలుదేరే రోజుకు ముందే సంస్థకు చేరిపోవాలి. చేరిన తరువాత ఇస్తామనే విరాళం ఎంత పెద్దదైనా తీసుకోరు. వీటితో పాటు ఈసారి ఒక పని కొత్తగా చేర్చాము. తల్లిదండ్రులిద్దరూ తలసీమియా జన్యువు వాహకులైతే, అంటే లోపమున్న జన్యువు ఒక్కటే ఉన్నవారైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం ఉంటుంది, వాహకులు మాత్రం సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు కాబట్టి హిమోగ్లోబిన్ ఎ2 అనే రక్త పరీక్ష చేయించుకుంటే తప్ప తమకు తెలియదు. బృందంలో చేరే ప్రతి ఒక్కరూ ముందుగా ఆ పరీక్ష చేయించుకోవాలని అడిగాము. ఫెరిచేకు తోడుగా దిగిపోయిన మా స్నేహితురాలు తానే మొదట చేయించుకుంది, తాను వాహకురాలినని ఆమెకు అప్పుడే తెలిసింది. కొత్త బృందంలో ఆమె మళ్లీ వెళుతోంది. విరాళాలు అడిగే సభలలో జబ్బు గురించి చెప్పే బాధ్యత ఈసారి ఆమే తీసుకుంది, తన పరీక్ష ఫలితం కాగితంతోనే మాట మొదలుపెడుతుంది.